పన్నెండు ప్రాసెసర్లు, ఒక గోడ ఫ్యాను

పరీక్షా ఫలితాలు పదకొండింటికి విడుదల. ఆ ఉదయం పరీక్షల కార్యాలయంలోని సర్వరు గదిలో, నెల కిందట చేరిన ఇంజనీరమ్మాయీ, అందరూ పెద్దసారు అని పిలిచే సూపరింటెండెంటూ ఉన్నారు. ఏసీ చాలక ఆ గదికి ఒక గోడ ఫ్యాను కూడా పెట్టారు.

"...మొదటిది, పాత ప్రోగ్రాము ఆపాలి. రెండోది, కొత్త అప్‌డేట్ ఎక్కించాలి. మూడోది, ఎక్కాక ఒకసారి ఆపి మళ్ళీ మొదలెట్టాలి. నాలుగోది, నిద్రపోతున్న పన్నెండు ప్రాసెసర్లనీ లేపాలి. అయిదోది, అన్నీ లేచాయో లేదో చూసుకోవాలి. ఆరోది, ఫలితాలు వదలాలి. అంతే సార్."

"అంతేనా?"

"అంతే సార్."

"మరి జాయినింగ్ రిపోర్టులు?"

"ఎవరివి సార్?"

"ఆ పన్నెండు మందివి."

"సార్, అవి ప్రాసెసర్లు. మనుషులు కావు."

"మనుషులకే ఇన్ని రూల్సుంటే, మనుషులు కానివాళ్ళకి ఎన్ని ఉండాలి? నువ్వే చెప్పు."

"టైము లేదు సార్..."

"టైముకేం, గోడ మీదే ఉంది, ఎక్కడికీ పోదు. మొదట్నుంచీ చెప్పు. ఈ పెట్టెలో మొత్తం ఎంతమంది?"

"పదహారు సార్. నాలుగు పనిచేస్తున్నాయి. మిగతా పన్నెండూ పెట్టె కొన్న రోజు నుంచీ లోపలే ఉన్నాయి, తాళం వేసి. పని ఎక్కువైన రోజు తాళం తీసి లేపుకుంటాం. లేపినన్ని రోజులకే డబ్బు కడతాం. పని తగ్గితే మళ్ళీ పడుకోబెడతాం."

"దినకూలీ అన్నమాట."

"అలాగే అనుకోండి."

"కొన్న రోజు నుంచీ లోపలే ఉన్నారు. ఒక్క పూట పని చెయ్యలేదు. సెలవు చీటీ పెట్టారా?"

"సార్!"

"అడుగుతున్నా. రేపు ఆడిట్ వాళ్ళొచ్చి, ఇన్నేళ్ళూ పన్నెండు మంది ఏసీ గదిలో పడుకుని ఇవాళ పొద్దున్నే లేచి పనిలోకి ఎలా వచ్చారయ్యా అంటే ఎవరు చెప్తారు?"

"కంపెనీ వాళ్ళు చెప్తారు సార్."

"వాళ్ళు ఫోనెత్తుతారా?"

"...ఎత్తరు సార్. కొత్త అప్‌డేట్ ఎక్కిస్తే గానీ ఒక్కదాన్నీ లేపనివ్వం అని మెసేజ్ పెట్టి ఊరుకున్నారు."

"చూశావా. ఇదేం నేను పుట్టించిన రూలు కాదమ్మాయ్. వెనకటికి ఇదే ఆఫీసులో ఒక జనరేటరు కొన్నారు. కవరైనా విప్పకుండా మూలన పెట్టారు. ఓ రోజు ప్రశ్నపత్రాలు అచ్చవుతుంటే కరెంటు పోయింది. జనరేటరు వెయ్యండ్రా అంటే ఒక్కడూ ముట్టుకోలేదు. ఎందుకు? అది పనిలో చేరినట్టు కాగితం లేదు. చేరనిదాన్ని ఎలా నడుపుతాం? పరీక్ష వాయిదా పడింది. అప్పట్నుంచీ ఇక్కడ ఏది పని మొదలెట్టినా జాయినింగ్ రిపోర్టు ఉండాల్సిందే. బీరువాకి ఉంది. ఇదిగో, ఈ గోడ ఫ్యానుకీ ఉంది. ఎప్పుడు చేరిందో అడుగు, చెప్తా."

"వద్దు సార్, నమ్ముతాను."

"కిందటేడు ఎండాకాలం మొదట్లో. సోమవారం, పొద్దున పూట. చేరిన రోజే తిరిగింది. అదీ క్రమశిక్షణంటే. ఆ ఏసీని చూడు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది."

"సార్, మీకు దణ్ణం పెడతా. పోయినేడు నాలుగింటితోనే ఫలితాలు వదిలితే మెషీను కూలబడింది. పిల్లలు సాయంత్రం దాకా తెర ముందు గుడ్లప్పగించి కూర్చున్నారు. ఆ ఇంజనీరుని చీకటి పడేలోగా ఇంటికి పంపేశారు. ఆ కుర్చీని ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచి, నెల కిందట నాకిచ్చారు, కాంట్రాక్టు మీద. ఇవాళ ఇది కూలిందంటే నేనూ ఇంటికే. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే సార్. మొదటి జీతం ఇంకా పడనే లేదు."

"అందుకే పద్ధతిగా చెయ్యమంటున్నా. లేపడానికి అనుమతి కోడు నా దగ్గరే ఉంది కదా. కాగితాలు పూర్తయితే కోడు కొడతా."

"పోనీ అప్‌డేట్ అయినా మొదలెట్టనా?"

"మొదలెట్టు. అది ఎక్కేలోపు మనం రాసుకుందాం. ఆ పెన్నిలా ఇవ్వు... నీ ఫోను మోగుతోంది."

"ఒక్క నిమిషం సార్. అమ్మా, పనిలో ఉన్నా. ...తమ్ముడి మార్కులు ముందే చూసి చెప్పకూడదమ్మా. ...పక్కింటివాళ్ళ పిల్లవీ చెప్పకూడదు. ...లేదమ్మా, ఇంకా లేపలేదు. పన్నెండూ నిద్రలోనే ఉన్నాయి. ...నీళ్ళు చల్లకూడదమ్మా, కరెంటు వస్తువులు. ఉంటా."

"మీ అమ్మగారికి అంతా తెలుసే."

"వీధి వీధంతా తెలుసు సార్. మా అమ్మాయిది కంప్యూటర్లని నిద్ర లేపే ఉద్యోగం అని చెప్పుకుంటోంది."

"మంచిదే. రాసుకో. పేరు?"

"ప్రాసెసర్ అయిదు సార్. ఒకటి నుంచి నాలుగు వరకూ పనిలో ఉన్నాయి."

"తండ్రి పేరు?"

"తండ్రి లేడు సార్. మదర్‌బోర్డు ఉంది."

"ఒక్క తల్లే పెంచిందా, పాపం. రాయి. పుట్టుమచ్చలు?"

"కంపెనీ ముద్ర ఒకటుంది."

"కుడి పక్కనా, ఎడం పక్కనా?"

"నడినెత్తి మీద సార్."

"జాతకుడు. ఇక్కడ సంతకం పెట్టించు."

"ఎలా పెడుతుంది సార్?"

"సంతకం రాకపోతే వేలిముద్ర."

"కింద పిన్నుల్లాంటి కాళ్ళు వందల్లో ఉన్నాయి గానీ, వేలన్నది ఒక్కటీ లేదు సార్."

"అయితే సాక్షి కావాలి. ఆఫీసు మనిషై ఉండాలి. ఆ తలుపు ఎవరో కొడుతున్నారు చూడు."

"టీ తెచ్చా పెద్దయ్యా."

"రా ఆయమ్మా, సమయానికొచ్చావ్. ఇదిగో ఇక్కడ సంతకం పెట్టు."

"నేనా? నేనెందుకయ్యా?"

"సాక్షివి."

"నేనేం చూశానని?"

"ఏం చూడక్కర్లేదు. సాక్షి ఆఫీసు మనిషైతే చాలు."

"అదే... నా చేతులకి చక్కెర అంటుకుంది."

"తుడుచుకో."

"కళ్ళజోడు తేలేదు."

"నీకు కళ్ళజోడు ఎప్పుడుంది?"

"లేదు కాబట్టే తేలేదు. పాపా, నువ్వు పెట్టేద్దూ. చదువుకున్నదానివి. ముందు టీ తాగు."

"సరేలే, నేనే పెడతా. టీ ఎక్కడిది ఆయమ్మా? క్యాంటీను ఎప్పుడో మూసేశారుగా."

"ఎక్కడిదైతేనేం, వేడిగా ఉందా లేదా? పెద్దయ్యా, మీరు తీసి వదిలేసిన వెనక గేటు వేసెయ్యనా?"

"వేసెయ్, వేసెయ్."

"మీరు వెనక గేటు నుంచి వస్తారా సార్?"

"అటు గాలి బావుంటుంది."

"అటు చెత్తకుండీలు కదా సార్ ఉన్నాయి."

"టీ తాగమ్మాయ్. అప్‌డేట్ ఎంతవరకూ వచ్చింది?"

"సగం. సార్, వరండాలో ఎవరో వస్తున్నట్టున్నారు. బూట్ల చప్పుడు."

"ఆఫీసంతటికీ పైనున్న కొత్త అధికారిగారా?"

"ఆయనే అనుకుంటా. మంచిదే కదా సార్, మీరు ఒక్క మాట చెప్తే... సార్? మెషీను వెనక ఎందుకు దూరుతున్నారు?"

"వైర్లు చూస్తున్నా."

"ఆయమ్మా, నువ్వెందుకు దూరుతున్నావ్?"

"నేనూ వైర్లే."

"...వెళ్ళిపోయారు సార్. తలుపు కూడా తియ్యలేదు. బయటికి రండి."

"వైర్లు బావున్నాయి."

"సార్, ఒక్క మాట అడగనా? మీకు గది ఉంది కదా. వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, ఇక్కడే అట్టపెట్టె మీద కూర్చుంటారు."

"గదికి రంగు వేస్తున్నారు."

"నెల రోజుల నుంచా?"

"రెండు కోటింగులు. రెండోది మొదటిదాని మీద అలిగింది. నీకెందుకవన్నీ? ఆరో ప్రాసెసరు. పేరు?"

"సార్, మిగతా పదకొండుకీ కలిపి ఒకే రిపోర్టు రాద్దాం. 'పైన చెప్పిన విధంగానే' అని."

"ఇప్పుడు దారికొచ్చావ్. రూలు తెలిసినవాళ్ళకే అడ్డదారీ తెలుస్తుంది. సరే, రాయి. మరి పని తగ్గాక వీళ్ళ సంగతేంటి?"

"ఈ కొత్త అప్‌డేట్ ఉన్నది అందుకే సార్. రద్దీ పెరిగితే లేపుతుంది, తగ్గితే దానంతటదే పడుకోబెడుతుంది. మనం చూస్తూ కూర్చోనక్కర్లేదు."

"చార్జి ఎవరికిచ్చి పడుకుంటారు?"

"చార్జి ఏంటి సార్, దీపాలు ఆర్పినట్టు ఆరిపోతాయి."

"తప్పు. చార్జి అప్పగించకుండా ఎవరూ ఉద్యోగంలోంచి దిగినట్టు కాదు. ఇంకొకరొచ్చి, సంతకం పెట్టి, చార్జి తీసుకునేదాకా ఆ మనిషి సర్వీసులో ఉన్నట్టే. చచ్చినా ఉన్నట్టే. బాగా గుర్తుపెట్టుకో, నీకు పనికొస్తుంది."

"సరే సార్. పనిని మొదటి నాలుగింటికీ అప్పగించి పడుకుంటాయి. అలా రాశాను. చూడండి."

"అక్షరాలు కుదురుగా ఉన్నాయి. మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"లారీల్లోకి బస్తాలు ఎత్తుతారు సార్. సార్, అప్‌డేట్ ఎక్కేసింది! మళ్ళీ మొదలైంది కూడా. కోడు అడుగుతోంది. త్వరగా."

"జరుగు. నా కోడు నువ్వు చూడకూడదు. ఆయమ్మా, నువ్వూ అటు తిరుగు."

"నేను ఎటు తిరిగినా నాకు తెలిసేదేం లేదయ్యా."

"...తీసుకుంది. చూశావా, 'స్వాగతం' అంటోంది. నా పేరు పెట్టి మరీ."

"హమ్మయ్య. ఇంకో ప్రశ్న అడుగుతోంది సార్, పాత ప్రోగ్రాములో ఇది లేదు. 'అనుమతి ఇచ్చిన వ్యక్తి ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నారా? అవును, కాదు.' అవును కొట్టేస్తున్నా."

"ఆగు."

"ఏంటి సార్?"

"కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. చదువు."

"'కాదు అయితే, ఆ వ్యక్తి ఉద్యోగం వదిలిన తర్వాత ఇచ్చిన అనుమతులన్నీ రద్దవుతాయి. సమాధానానికి, ఇచ్చినవారిదే బాధ్యత.' మామూలేలెండి."

"సమాధానం ఇస్తున్నది ఎవరు?"

"నేనే."

"కొట్టకమ్మాయ్."

"సార్, ఇంక పది నిమిషాలు కూడా లేవు!"

"నీ టీ చల్లారిపోతోంది."

"టీ సంగతి వదిలెయ్యండి సార్!"

"గదికి రంగు వెయ్యడం లేదు."

"ఏంటి?"

"ఆ గదిలో పాత ఫైళ్ళు పడేశారు. నేను రిటైరై రెండు నెలలైంది."

"...సార్."

"వినపడిందా?"

"వినపడింది. బుర్రకెక్కట్లేదు. రోజూ వస్తున్నారుగా."

"వస్తున్నా."

"ఎందుకు సార్?"

"సభ పెట్టారు, మంచి మాటలు చెప్పారు, గడియారం ఇచ్చారు. మర్నాడు ఇంట్లో అది తొమ్మిది కొట్టింది. చూసుకునేసరికి కాళ్ళకి చెప్పులున్నాయి. ఇంట్లో నన్ను అనుమతి అడిగేవాళ్ళు లేరమ్మాయ్. పాలు వస్తాయి, కూర ఉడుకుతుంది, బట్టలు ఆరతాయి, ఒక్కదాని మీదా సంతకం లేదు. ఏదైనా పని చెప్పవే అంటే, 'కాస్త పక్కకి జరగండి' అంది మా ఆవిడ. ఆ పనీ చేశా. ఎంతసేపని జరుగుతాం? ఇక్కడికొస్తే ముందు గేటు దగ్గర నా కార్డు పలకలేదు. జీతాల సెక్షన్‌లో నా పేరు కొట్టేశారు. ఈ మెషీను ఒక్కటే, కోడు కొట్టగానే స్వాగతం అంది. నేనింకా ఉన్నాననుకుంటున్నది ఈ ఆఫీసులో ఇదొక్కటే."

"మరి నేను 'కాదు' అని కొట్టాలి కదా సార్."

"కొట్టాలి."

"కొడితే పన్నెండూ లేవవు. మెషీను కూలిపోతుంది."

"అవును."

"'అవును' కొడితే అబద్ధం. సార్, అబద్ధం ఆడి తెచ్చిన జీతం మా నాన్న చేతిలో పెట్టలేను."

"ఇంకో ముక్క కూడా ఉందమ్మాయ్. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నా. నువ్వు వచ్చిన రోజు నీ జాయినింగ్ రిపోర్టు తీసుకున్నదెవరు?"

"మీరే సార్. ఇక్కడే, ఈ అట్టపెట్టె మీదే."

"అప్పటికే నేను రిటైరయ్యాను."

"అంటే... నేను?"

"చేరలేదు."

"నెల నుంచి పని చేస్తున్నాను సార్!"

"జనరేటరు కూడా మూలన ఉండేది."

"అందుకేనా జీతం పడనిది! అయ్యో, అయ్యో సార్! నేను వీటిని నిద్ర లేపడానికొచ్చానా, వీటి పక్కన పడుకోవడానికొచ్చానా?"

"పాపా, ఏడవకు. పెద్దయ్యా, ఏదో ఒకటి చెయ్యండి, పిల్ల మొహం చూడండి."

"నేనేం చెయ్యను ఆయమ్మా, నేను లేని మనిషిని."

"ఆగండి సార్. మీ చార్జి ఎవరికిచ్చారు?"

"ఏ చార్జి?"

"సూపరింటెండెంటు చార్జి. ఈ కోడు, ఈ పెట్టె, ఈ కాగితాలు. ఎవరు తీసుకున్నారు?"

"ఎవరూ తీసుకోలేదు. నా చోట్లోకి ఇంకా ఎవర్నీ వెయ్యనే లేదు."

"సంతకం పెట్టి తీసుకున్నవాళ్ళు లేరు?"

"లేరు."

"'చార్జి అప్పగించకుండా ఎవరూ ఉద్యోగంలోంచి దిగినట్టు కాదు.' ఎవరన్నారీ మాట?"

"...నేనే."

"'చచ్చినా ఉన్నట్టే.' ఇది?"

"అదీ నేనే. కానీ అమ్మాయ్, అది ప్రాసెసర్ల గురించి..."

"మనుషులు కానివాళ్ళకే ఇన్ని రూల్సుంటే, మనుషులకి ఒక్కటైనా ఉండొద్దా సార్? చెప్పండి సార్. మీరు సర్వీసులో ఉన్నట్టా, లేనట్టా? మీ నోటితో చెప్పండి."

"రూలు రూలేనమ్మాయ్. ఉన్నట్టే."

"అయితే అబద్ధం కాదు. అవును కొడుతున్నా."

"కొట్టు!"

"...అయిదు లేచింది. ఆరు. ఏడు."

"ఒక్కొక్కరినీ పిలువు. హాజరు వేసుకుంటా."

"ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు... పదకొండు లేవట్లేదు. లేచింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను. పదహారు! అందరూ వచ్చారు సార్!"

"మొదటి రోజే అందరూ వేళకొచ్చారు. నా సర్వీసులో ఇలాంటి బ్యాచిని చూడలేదు."

"టైమైంది. వదులుతున్నా... వస్తున్నారు సార్. అందరూ ఒక్కసారే మీద పడుతున్నారు. పోయినేడు ఇక్కడే కూలింది... ఇక్కడే... దాటింది. దాటింది సార్! నిలబడింది!"

"ఏడుస్తున్నావా?"

"లేదు సార్, ఏసీ గాలికి కళ్ళు..."

"ఏసీ పొద్దుట్నుంచీ పని చెయ్యడం లేదు."

"అయితే ఫ్యాను గాలికి. మీ కళ్ళకేమైంది?"

"నాకూ అదే గాలి. ఏదో మళ్ళీ అడుగుతోంది చూడు."

"'ఇకపై అనుమతి ఇచ్చే వ్యక్తి ఎవరు?' అంటోంది."

"నీ పేరు రాయి."

"సార్, అంటే..."

"అంటే చార్జి తీసుకో. తీసుకునే మనిషి లేకే కదా ఇన్నాళ్ళూ చెత్తకుండీల మీదుగా నడిచాను. నువ్వు చేరావా లేదా అని ఎవడైనా అడిగితే, సర్వీసులో ఉన్న సూపరింటెండెంటే నీ రిపోర్టు తీసుకున్నాడని చెప్పు. ఆ కాగితం నేనే స్వయంగా కొత్త అధికారిగారి బల్ల మీద పెట్టి వెళ్తా. ముందు తలుపు నుంచే."

"నేను తీసుకుంటే మీరు నిజంగా వెళ్ళిపోయినట్టు సార్."

"రాయమ్మా. అక్షరం తప్పు పోకుండా చూసుకో."

"...రాశాను. సార్, ఇంకొకటి. 'పాత వ్యక్తిని ఏం చెయ్యాలి? తీసెయ్యాలా, అవసరమైతే లేపేలా నిద్రలో ఉంచాలా?'"

"నిజంగా అలాగే అడుగుతోందా?"

"అలాగే ఉంది. చూడండి."

"మర్యాద తెలిసిన యంత్రం. నిద్రలో ఉంచు. పని ఎక్కువైన రోజు లేపుదువుగానీ. లేపిన రోజుకి ఒక టీ ఇస్తే చాలు."

"పాపా."

"ఏంటి ఆయమ్మా?"

"ఆ నిద్రలో ఉంచేదాంట్లో ఇంకొకళ్ళకి చోటుందా?"

"ఎవరికి?"

"నాకు. నేనూ రిటైరయ్యా."

"నువ్వా! ఎప్పుడు?"

"పెద్దయ్య కంటే ముందే. కిందటేడు."

"ఏం మాటలు ఆయమ్మా! నా సంతకం లేకుండా నువ్వెలా రిటైరవుతావ్?"

"పెట్టారయ్యా సంతకం. మీ ముందు కాగితం పెట్టా. మీరు ఫ్యాను జాయినింగ్ రిపోర్టు రాసుకుంటూ, తలెత్తకుండా రెంటి మీదా పెట్టేశారు. 'ఇంక వెళ్ళొస్తానయ్యా' అన్నా. 'రేపటి నుంచి టీలో చక్కెర తగ్గించు' అన్నారు. మర్నాడు ఇంట్లోనే కాచి, తగ్గించి తెచ్చా. అప్పట్నుంచీ తెస్తూనే ఉన్నా. మీరిద్దరూ అలా చూడకండి. ఫ్యాను చేరింది సోమవారం, పొద్దున పూట. నేను దిగిపోయిందీ ఆ పూటే. దాన్ని గుర్తుపెట్టుకున్నప్పుడు, పక్కనే నన్ను కూడా కాస్త గుర్తుపెట్టుకోండి."